సైదాబీ చివరి మాట

ఫిలింనగర్‌లో తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే బతికేవాళ్ళు తక్కువ. నా మెస్సులో అన్నం తిన్నవాళ్ళలో సగం మందికి ఇంట్లో ఒక పేరు, యూనియన్ కార్డు మీద ఇంకో పేరు. అంచేత మా వెనక సందులో ఉండే మంజులత అసలు పేరు సైదాబీ అని తెలిసినప్పుడు నాకేమీ గుండె ఆగిపోలేదు. కోపం మాత్రం వచ్చింది. ఏళ్ళ తరబడి నా చేతి కూర తిని, వినాయక చవితికి నా పక్కన పీట వేసుక్కూర్చుని ఉండ్రాళ్ళు చుట్టి, ఒక్కనాడైనా ఆ ముక్క నా చెవిన వేసిందా? ఆ పూట మొహం చాటేశాను. రాత్రి గోడ అవతల నుంచి ఆ దగ్గు వినలేక నేనే మిరియాల చారు పట్టుకుని వెళ్ళాను.

ఆవిడది నరసరావుపేట దగ్గర పల్లె. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా కోస్తా వైపు ఆ పని చేసే ముస్లిములని నూర్‌బాషీలంటారు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, ఉర్దూ ముక్క రాదు. నమాజు మగవాళ్ళ సంగతి, అదీ పండగ పూట. ఆడపిల్లకి తండ్రి నేర్పింది ఒక్క కలిమా. అల్లా తప్ప వేరే దేవుడు లేడని అరబ్బీలో చెప్పే ఆ ఒక్క వాక్యమే సైదాబీకి ఉన్న మతమంతా.

పదహారో ఏట ఒక నాటకాల మేళంతో వెళ్ళిపోయి, అటు నుంచి సినిమాల్లో గ్రూప్ డాన్సర్ అయింది. హీరోయిన్ వెనక వరసలో చేతులూపే పిల్లల్లో ఒకతె. "నా మొహం తెర మీద కనబడింది తక్కువండీ. మోచెయ్యి మాత్రం చాలా సినిమాల్లో ఉంది" అని నవ్వేది. ఊళ్ళో తండ్రి తల దించుకోకూడదని పేరు మార్చుకుందట. ఆ పేరుతోనే మోతీనగర్ నర్సింహని చేసుకుంది. అతను లైట్‌మ్యాన్. ఎల్లమ్మ గుళ్ళో పుస్తె కట్టాడు. ఆమె పుట్టుక సంగతి తెలిసిన మనిషి హైదరాబాదు మొత్తమ్మీద అతనొక్కడే. "పేరేదైతేంది, మనిషివి నువ్వే గద" అన్నాడట. మంచివాడు, కాకపోతే తాగేవాడు. గుండె నొప్పి వచ్చి షూటింగులోనే పోయాడు.

అతని చెల్లెలు కొమురమ్మ. మొగుడు వదిలేస్తే బట్టల సంచితో వదిన గదికి వచ్చి పడింది. మొదట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. కొమురమ్మది గంపంత నోరు, మంజులతది ముల్లంత మాట. వాళ్ళ పోట్లాటలు విని నా మెస్సులో తినేవాళ్ళు టీవీ కట్టేసేవారు. నర్సింహ పోయాక మాత్రం ఒకరు లేకుండా ఒకరు అన్నం ముందు కూర్చోలేదు. కొమురమ్మ పని నుంచి వచ్చేదాకా మంజులత గిన్నె మూత తీసేది కాదు.

ఇంతలో సాఫ్ట్‌వేర్ కాలం వచ్చింది. జూబ్లీహిల్స్ గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపారు. నిర్మాతలు పాటలకి విదేశాలు పోవడం మొదలెట్టారు, గ్రూపులోకి ఇరవై దాటని పిల్లలే కావాలన్నారు. నా మెస్సులో మేకప్‌వాళ్ళు కూర్చునే బల్లల దగ్గర మెళ్ళో కార్డులు వేలాడేసుకున్న కుర్రాళ్ళు కూర్చున్నారు. నాకు నష్టం లేదు, ఎవరి ఆకలైనా ఆకలే. మంజులతకి పని పోయింది. కొమురమ్మకి ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేలలు తుడిచే పని దొరికింది. ఆ జీతం మీదే ఇద్దరూ బతికారు.

దగ్గు ముదిరి, ఊపిరితిత్తులు పాడై, ఎర్రగడ్డ ఆస్పత్రికి తిరిగి తిరిగి, చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకి అర్థం ఎవరికి తెలియదు? ఆ సాయంత్రమే ఆవిడ నా ఎదురుగానే కొమురమ్మ చెయ్యి పట్టుకుని పుట్టు పేరు బయటపెట్టింది.

"నన్ను కాల్చనివ్వకే కొమురమ్మా. మట్టిలో పెట్టించు. మా నాన్న పోయిన దారినే పోవాలి నేను."

పేరు దాచినందుకు నాకు వచ్చిన కోపం ఆమెకి రాలేదు. ఆమె బాధ వేరు.

"మా అన్న ఒకకాడ, నువ్వొకకాడనా వదినె? గాడ గూడ ఆయనతోని ఉండవా?"

"మీ అన్న ఎక్కడున్నాడో నాకెలా తెలుస్తుందే? నాకు తెలిసిన దారి అదొక్కటే. అదీ సగం మర్చిపోయాను."

కొమురమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున లేచి, "నడువ్, షేక్‌పేటకు పోదాం" అని తనే ఆటో పిలిచింది. నన్నూ రమ్మంది.

షేక్‌పేట మసీదు బయట అరుగు మీద ఇమామ్ సాబ్ కూర్చుని ఉన్నాడు. పెద్దాయన, మెత్తటి మనిషి. మంజులతగా బతికిన సైదాబీ కథంతా కొమురమ్మ చెప్పింది. ఆయన విసుక్కోలేదు, ఇన్నాళ్ళూ ఏమయ్యావని అడగలేదు. "అమ్మా, కలిమా చదువు. అంతే చాలు" అన్నాడు.

సైదాబీ నోరు తెరిచింది. మాట రాలేదు. ఎంత మంది ముందు ఆడిన మనిషి! ఒక్క ముసలాయన ముందు నాలుక పిడచకట్టుకుపోయింది. ఆయనే ముక్క ముక్కగా అందించాడు. ఆయన వెనకాలే అంది. "పూడ్చే సంగతి మాకు వదిలెయ్యండి, జాగా ఇస్తాం, నమాజు చదువుతాం. ఆఖరి మాట సంగతి మాత్రం ఈమెదే" అన్నాడు.

ఆ ఆఖరి మాట ఏమిటో తర్వాత హజ్రాబీ వచ్చి చెప్పింది. షేక్‌పేటలో చనిపోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించే మనిషి ఆవిడ. వక్కలు నములుతూ, అందరినీ కసురుతూ తిరుగుతుంది. బతికున్న మనిషిని చూడ్డానికి వచ్చి కూడా గదిలో నీళ్ళు ఎటు పోతాయో, పరదా ఎక్కడ కట్టాలో చూసుకుంది. నాకు ఒళ్ళు మండింది. సైదాబీకి మాత్రం అది ధైర్యంగానే తోచినట్టుంది.

"ఎవరి ఆఖరి మాట కలిమా అయితదో వాళ్ళకు జన్నత్, సొర్గమన్నట్టు" అంది హజ్రాబీ. "గందుకే పోయే మనిషి పక్కన ఒకరు కూసోవాలె. చెవి దగ్గర మెల్లగ చదవాలె. చదువు చదువు అని జబర్దస్తీ చెయ్యొద్దు. పరేషాన్ల ఉన్న మనిషి యాష్టకొచ్చి వద్దంటే ఎట్ల? నువ్వు చదువుతుంటె వినుకుంట తనే అంటది."

"అన్నంక?" అని అడిగింది కొమురమ్మ.

"అన్నంక చుప్. నువ్వు నోరు మూస్కోవాలె. ఆమెతోని ముచ్చట పెట్టొద్దు. ఆమె ఇంకేమన్న మాట అన్నదంటె, మల్ల మొదటికెంచి అందుకోవాలె. ఆఖరికి నోట్ల గదే ఉండాలె."

అందరి ఇళ్ళలోనూ ఆ పని కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు చేస్తారట. సైదాబీకి ఎవరున్నారు? షేక్‌పేట ఆడవాళ్ళు వచ్చి చూసి పోగలరు గానీ పగలూ రాత్రీ కాచుకుని కూర్చోలేరు. పక్కలో పడుకునేది కొమురమ్మ. కొమురమ్మే నేర్చుకోవాలి.

"నేను హిందువుని గద, నేనంటే నడుస్తదా?"

"నువ్వు అందించేదానివే. అనేది ఆమె. నడుస్తది" అని హజ్రాబీ కొంగుతో మూతి తుడుచుకుంది.

అదుగో, అప్పటి నుంచి కొమురమ్మ నోట్లో అదే మాట. లా ఇలాహ ఇల్లల్లాహ్. అంట్లు తోముతూ, కూరగాయలు బేరమాడుతూ, ఆఫీసులో తడిగుడ్డ పెడుతూ. అక్కడి మేనేజరు చలపతిరావు వెనక నిలబడి విని, "ఏంటమ్మా, మతం గానీ మారావా?" అన్నాడట. "లే సార్, మా వదినె కోసం పాఠం చదువుతున్న" అందట ఈమె. మొదట్లో సగంలో తడబడేది. తడబడ్డప్పుడల్లా తన చెంప తనే వాయించుకునేది. తన పేరు రాయడం కూడా రాని మనిషి, వారం తిరిగేసరికి హజ్రాబీ చేత ఔననిపించుకుంది.

కష్టం అసలు మనిషి దగ్గర వచ్చింది. జ్వరం ఎక్కితే సైదాబీ కలవరించేది. ఏమని? "వన్, టూ, త్రీ, ఫోర్..." అని. డాన్సు మాస్టర్లు చప్పట్లు కొడుతూ ఆడించే లెక్క. ఎనిమిది దాకా పోయి మళ్ళీ మొదలు. బతుకంతా ఆ లెక్క మీద ఎగిరిన నాలుక కదా, మనసు ఆదమరిస్తే అదే వచ్చేది. జ్వరం తగ్గాక కొమురమ్మని అడిగేది, "మళ్ళీ అదే అన్నానా?" అని. కొమురమ్మకి అబద్ధమాడటం రాదు.

"నా నోట్లో చివరికి అదే వస్తుందే. అదే వస్తుంది, చూడు" అని గోడ వైపు తిరిగి ఏడ్చేది సైదాబీ. దగ్గొచ్చి ఏడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. నేను చాలా చావులు చూశాను. నొప్పికి ఏడ్చినవాళ్ళని చూశాను, పిల్లల కోసం ఏడ్చినవాళ్ళని చూశాను. నాలుకకి భయపడి ఏడ్చిన మనిషిని మాత్రం ఈవిడనే చూశాను.

ఒకనాడు ఉండబట్టలేక అన్నాను. "దేవుడు మరీ అంత పట్టింపుగా చూస్తాడా మంజూ? నోరు జారితే మనసు చూడడూ?"

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు, అలసట ఉంది.

"మీకు ఇంకో జన్మ ఉందండీ శ్యామలాదేవిగారూ. ఇందులో తప్పినా అందులో దిద్దుకుంటారు. మాకు ఇదొక్కటే. రీటేకు లేదు."

గిన్నె తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి దేవుడి గూటి ముందు కూర్చుని, నీకిది న్యాయంగా ఉందా అని కాసేపు దెబ్బలాడాను.

అప్పటి నుంచి వాళ్ళిద్దరూ రిహార్సలు మొదలెట్టారు. మెలకువగా ఉన్నప్పుడు కొమురమ్మ చెవిలో అందించేది, సైదాబీ అనేది, వెంటనే ఇద్దరూ నోళ్ళు మూసుకునేవారు. ఆ మౌనం పట్టుకోవడమే కొమురమ్మకి గండం. పుట్టి బుద్ధెరిగాక మాట్లాడకుండా కూర్చున్నది ఎప్పుడు కనక? రెండు నిమిషాలు గడవకుండానే "మందేసుకున్నవా వదినె?" అనేసేది. "చూశావా, మాట్లాడించావు" అని సైదాబీ వేలు చూపించేది. మళ్ళీ మొదటికి. ఆ మాటకి ఒకసారి ఇద్దరూ పగలబడి నవ్వారు కూడా. ఆ గదిలో నేను విన్న ఆఖరి నవ్వు అదే.

నర్సింహ పోయినా తియ్యని బొట్టు సైదాబీ తనే తుడిచేసుకుంది. మెట్టెలు తీసి కొమురమ్మ చేతిలో పెట్టింది. నర్సింహ ఫోటో మాత్రం గోడ మీదే ఉంచమంది. హజ్రాబీ దాన్ని చూసి మొహం చిట్లించి, ఏమనుకుందో ఏమో, ఊరుకుంది.

ఆ రోజు ఆదివారం. కొమురమ్మకి సెలవు. మధ్యాహ్నం గంజి పట్టుకుని వెళ్ళేసరికి సైదాబీ ఊపిరి మారిపోయింది. లోపలికి పోయిన గాలి బయటికి రావడానికి ఆలోచిస్తోంది. హజ్రాబీ చెప్పినట్టు కొమురమ్మ మంచం జరిపి మొహం మక్కా ఉన్న పడమటి వైపుకి తిప్పింది. తను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెట్టింది. నేను గంజి గిన్నెతో గుమ్మంలోనే నిలబడిపోయాను.

"లా ఇలాహ ఇల్లల్లాహ్."

సైదాబీ పెదాలు కదిలాయి. "వన్..." అంది. "టూ..." అంది.

కొమురమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. పిల్ల బావిలో పడుతుంటే చూసే తల్లి చూపది. కానీ తొందరపడలేదు. జబర్దస్తీ చెయ్యొద్దని చెప్పారు కదా. కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా, గొంతు పెంచకుండా, మెల్లగా అదే మాట. ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే మాట. ఎంతసేపో నాకు తెలియదు. నా చేతిలో గంజి చల్లారిపోయింది.

అప్పుడు సైదాబీ కళ్ళు తెరిచింది. ఇంటి కప్పు వైపు చూస్తూ, దగ్గు లేకుండా, తడబాటు లేకుండా, మా నరసరావుపేట యాసలో మొత్తం మాటంతా అంది. "లా ఇలాహ ఇల్లల్లాహ్." ఇమామ్ సాబ్ ముందు రానిది, జ్వరంలో రానిది, అప్పుడు వచ్చింది. పక్కింటికి వినబడేంత స్పష్టంగా వచ్చింది.

ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది.

"అన్నవ్ వదినె!" అని కేక వేసింది కొమురమ్మ. ఆపుకోలేకపోయింది. ఎన్నాళ్ళ నుంచి దాచుకున్న భయమో ఒక్కసారిగా సంతోషమై నోట్లోంచి దూకింది. "అన్నవే! మొత్తం అన్నవ్!"

సైదాబీ తల కొంచెం ఇటు తిప్పింది. మొహంలో చిన్న సందేహం. షాటు అయిపోయాక మాస్టరు వైపు చూసే పిల్లలాగా చూసింది.

"సరిగ్గా అన్నానా?"

"మంచిగన్నవ్ వదినె. మస్తుగన్నవ్" అని కొమురమ్మ ఆమె చెంపలు రెండూ నిమిరింది.

ఇంకొక్క ఊపిరి. అంతే. తర్వాతది రాలేదు.

కొమురమ్మకి మొదట అర్థం కాలేదు. నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంటనే చెయ్యి తీసి, చెవి దగ్గరికి వంగి, "లా ఇలాహ ఇల్లల్లాహ్" అని మొదలెట్టింది. "ఒక్కసారి వదినె. మల్లొక్కసారి. నేను మాట్లాడ. ఒట్టు, నేనింక మాట్లాడ. నువ్వు అను." గొంతు పెరిగింది. భుజాలు పట్టుకుని ఊపింది. "అనవే! ఒక్కసారి అనవే!" చెయ్యొద్దన్న జబర్దస్తీ అంతా అప్పుడు చేసింది. నేను వెళ్ళి ఆమె చేతులు విడిపించాల్సి వచ్చింది.

కబురందుకుని హజ్రాబీ సామాను పట్టుకుని వచ్చింది. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. గుమ్మంలో అడుగు పెడుతూనే అడిగిన మొదటి మాట అదే.

"కలిమా చదివిందా?"

"చదివింది" అంది కొమురమ్మ.

"తర్వాత ముచ్చట్లేం లేవు గద?"

నేను కొమురమ్మ వైపు చూడలేదు. గోడ మీద నర్సింహ ఫోటో వైపు చూశాను. అబద్ధమాడటం రాని మనిషి అని చెప్పానే, ఆ మనిషి నేల చూపులు చూస్తూ, "లేవు" అంది.

"సుభానల్లా! ఎంత నసీబుగల్ల మనిషి" అని ఆ ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హజ్రాబీ, ఆ కసురుబోతు హజ్రాబీ, కొమురమ్మ తల మీద చెయ్యి వేసి, "నీకు గూడ పుణ్యమొస్తది బిడ్డా" అంది. ఆ చెయ్యి కింద కొమురమ్మ మెడ వంగిపోయింది.

పరదాలు కట్టారు. కర్పూరం వేసిన నీళ్ళతో స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకుని షేక్‌పేట తీసుకెళ్ళారు. కొమురమ్మ శ్మశానం గేటు దాకా నడిచింది. లోపలికి ఆడవాళ్ళు రాకూడదన్నారు. గేటు చువ్వలు పట్టుకుని, అందరూ తిరిగి వచ్చేదాకా నిలబడింది.

ఇప్పుడు షేక్‌పేటలో సైదాబీ చావు ఒక కథ అయిపోయింది. బతుకంతా సినిమాల్లో ఆడినా చివరికి కలిమా మీద పోయిందట, అందించింది హిందువుల పిల్లట, అని హజ్రాబీ ఏ ఇంటికి స్నానానికి వెళ్ళినా చెబుతోంది. దారిలో కనబడితే అక్కడి ఆడవాళ్ళు కొమురమ్మని ఆపి చేతులు పట్టుకుంటున్నారు. అందుకని ఆమె ఆఫీసుకి చుట్టుదారిన పోతోంది.

నిన్న సాయంత్రం నా మెస్సు వెనక మెట్ల మీద కూర్చుంది. చిక్కి సగమైంది. పెట్టిన అన్నం కెలుకుతోంది గానీ తినడం లేదు.

"అమ్మా, నేను నోరు మూస్కుంటే గామె అడగకపోవు గద" అంది.

"అడిగింది మాత్రం దేని గురించే? ఆ మాట గురించేగా. సరిగ్గా అన్నానా అంది. అదీ అందులో భాగమే అనుకోరాదూ?"

"నువ్వనుకుంటే అయితదా? హజ్రాబీ అనాలె గద."

"అయితే వెళ్ళి అడుగు. జరిగింది జరిగినట్టు చెప్పు."

"కాదంటదేమో." కంచం పక్కన పెట్టేసింది. "మల్ల అందుకోవాలె అని ముందుగాలే చెప్పింది గామె. నేను అందుకోలే. మెచ్చుకుంట కూసున్న. అడిగితే కాదంటదమ్మా. అందుకే అడుగుతలేను."

చాలాసేపు ఊరుకుంది. కొమురమ్మ ఊరుకోవడం ఇప్పుడు బాగా నేర్చుకుంది.

"మా అన్న ఉన్నకాడికి రానన్నది. వాళ్ళ నాయన ఉన్నకాడికి పోత అన్నది. నేను ఆడికీ పోనియ్యకపోతిని" అని నా మొహంలోకి చూసింది. "మరి యాడున్నదమ్మా మా వదినె?"

పక్కన పెట్టేసిన కంచం తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను.